జున్ను మాత్రమే యాదికున్న సార్

సార్ పోయాడన్న కబురు వచ్చేసరికి నేను సర్వపిండికి వేలితో చిల్లులు పెడుతున్నాను. పాలు పోసే సత్తమ్మ వాకిట్లో క్యాను దించి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చెప్పింది.

"అక్కా, ఇంగ్లీషు సార్ పోయిండు. పొద్దుగాల చాయ సాసర్ల పోసుకున్నడట. గట్లనే కుర్చీల ఒరిగిండట."

"మీగడ తీసినంక పోయిండా, తియ్యకముందే పోయిండా?"

సత్తమ్మ నా మొహంలోకి వింతగా చూసింది. "గదేం అడుగుడక్కా? మనిషి పోయిండని చెప్తుంటె!"

నేను మిగిలిన చిల్లులు కూడా పెట్టి, వాటిలో నూనె చుక్కలు వేసి, మూత పెట్టాను. పిండి మాడలేదు. నాకు ఏడుపూ రాలేదు. ఒకటే ఆలోచన వచ్చింది. అన్న మాట వెనక్కి తీసుకోకుండానే పోయాడు. ఇక నేను ఎవరిని పట్టుకుని అడగాలి?

ఆయన పేరు ఇక్కడ రాయను. ఆయన నా పేరు ఒక్కనాడూ పలకలేదు, నేనూ ఆయన పేరు పలకను. సార్ అంటే చాలు.

సార్‌ది మొగుళ్లపల్లి దిక్కు. భూమి ఉన్న ఇల్లు. నా చిన్నప్పుడు మా ఊరు కొడకండ్ల బడికి ఇంగ్లీషు చెప్పడానికి వచ్చాడు. సన్నటి మనిషి, తెల్ల చొక్కా, జేబులో నాలుగు మడతల తెల్ల చేతిరుమాలు. బోర్డు మీద రాయడం అయ్యాక ఆ రుమాలు తీసి ఒక్కో వేలే తుడుచుకునేవాడు. చిటికెన వేలితో మొదలు, బొటనవేలితో ఆఖరు. అది అయ్యేదాకా క్లాసులో ఎవరూ దగ్గకూడదు.

చాయ్ తాగడం కూడా అంతే పద్ధతి. సాసర్‌లో పోసి, పైన మీగడ కట్టేదాకా ఆగేవాడు. కట్టాక చూపుడువేలి గోరుతో దాన్ని లేపి సాసర్ అంచుకు అంటించేవాడు. ఆ తర్వాతే తాగేవాడు. ఆ సాసర్లు కడిగేది ఆడపిల్లలం మేమే. ఎండిన మీగడ గోకితే గాని పోయేది కాదు. అందుకే సత్తమ్మను ఆ మాట అడిగాను. అందులో ఎగతాళి కొంత ఉంది, కాదనను.

ఆయనకు ఇష్టమైన పాఠం ఒకటే. రెండు ముక్కల మాటను ఒక మాటగా కలపాలంటే మధ్యలో ఏది పెట్టాలి అన్నది. హూ పెట్టాలా, విచ్ పెట్టాలా, హూజ్ పెట్టాలా, దట్ సరిపోతుందా. మిగతా పాఠాలు గబగబా లాగించేసేవాడు. దీని దగ్గరికి వచ్చేసరికి కుర్చీ గోడకు జరిపి, చేతులు మడిచి, పండుగకు తయారైనట్టు నిలబడేవాడు.

"ముంగట ఏమున్నది? మనిషా, వస్తువా? చూసినంకనే నోరు తెరువుండ్రి."

అది ఆయన మాట. మనిషైతే హూ. వస్తువైతే, పశువైతే విచ్. ఎవరిది అని అడగాలంటే హూజ్. హూజ్ చెప్పేనాడు తలుపు బయట మేము విడిచిన చెప్పుల్లోంచి ఒకటి తెచ్చి, పట్టకారుతో పట్టినట్టు రెండు వేళ్ళతో ఎత్తి చూపించేవాడు. "గీ చెప్పు ఎవలదో గా పిలగాడు లేవాలె." చెప్పు ఎవరిదో వాడు లేచి నిలబడితే, వాడి మీదే ఇంగ్లీషులో ఒక మాట కట్టేవాడు. ఇక హూమ్ అనేది పెద్దమనుషుల మాట అట. అది పలికే ముందు మెడ దగ్గర గుండీ పెట్టుకునేవాడు. పలికాక తీసేసేవాడు. ఎండాకాలంలో కూడా.

దట్ అంటే ఆయనకు కాస్త చులకన. "గిది అన్ని తాళాలకు పడే చెవి. మనిషికీ పడ్తది, వస్తువుకూ పడ్తది. గట్లని కామా పెట్టినంక దీన్ని తేకుండ్రి, దొరికిపోతరు."

ఆ పద్ధతి బడి దాటి బయటికి కూడా వచ్చేది. ఎవరైనా తలుపు కొడితే లోపల్నుంచే "మనిషా, వస్తువా?" అని అరిచేవాడు. ఉత్తరాలు తెచ్చేవాడు ఒకసారి, "మనిషినే సార్, చేతుల వస్తువున్నది" అన్నాడు. ఊరంతా వారం రోజులు నవ్వింది. నేనూ నవ్వాను. అప్పటికి నాకు ఆయనంటే ఇష్టమే. చెప్పడం వచ్చినవాడు. ఒక్కసారి చెబితే చెవిలో మేకు కొట్టినట్టు ఉండేది. ఇప్పటికీ ఉంది.

ఇక ఆనాటి సంగతి.

నేను తొమ్మిదో తరగతి. మా ఇంట్లో బర్రె ఈనింది, తెల్లవారుజామున. దూడ అడ్డం తిరిగితే మా అవ్వా నేనూ కలిసి లాగాం, అమ్మను మేము అవ్వ అనే అంటాం. బాపు ఊళ్ళో లేడు. దూడ లేచి నిలబడేసరికి బడి గంట ఎప్పుడో కొట్టేశారు. మా అవ్వ తొలి పాలు పిండి, బెల్లం వేసి, జున్ను వండింది. ఈనిన నాడు జున్ను నలుగురికీ పంచాలి కదా. ముందు సర్వగిన్నెలో సార్ వంతు తీసింది.

"సార్‌కు ఇయ్యి బిడ్డా. సదువు చెప్పేటోడు. మనింట్ల ఏమన్న అయితె ముందుగాల ఆయనకే పెట్టాలె."

ఉరుక్కుంటూ పోయాను. స్నానం చేయలేదు. చేతులు రెండుసార్లు కడిగాను గాని ఆ వాసన ఒక పూటలో పోయేది కాదు. లంగా అంచుకు పేడ ఉందన్న సంగతి నాకు తెలియదు. రెండు చేతులతో సర్వ పట్టుకుని తలుపులో నిలబడ్డాను.

బోర్డు మీద ఇంగ్లీషులో ఒక మాట రాసి ఉంది. ఆలస్యంగా వచ్చిన పిల్ల నా విద్యార్థి, అని. మధ్యలో గీత గీసి ఖాళీ వదిలాడు. అప్పుడే పిల్లల్ని అడుగుతున్నాడు, నేను అప్పుడే వచ్చాను. ఆయన నన్ను చూశాడు. రుమాలు తీశాడు. వేళ్ళు తుడుచుకోలేదు, ముక్కుకు పెట్టుకున్నాడు.

"ముంగట ఏమున్నది? మనిషా, వస్తువా?"

"మనిషి సార్!" అందరూ ఒకేసారి అన్నారు.

"జర మంచిగ చూడుండ్రి. వాసన చూడుండ్రి. నాకైతే బర్రె నడిచొచ్చినట్టున్నది."

అని, సుద్దముక్కతో ఆ ఖాళీలో విచ్ అని రాశాడు. పెద్ద అక్షరాలతో. కింద రెండు గీతలు కూడా గీశాడు.

నలభై మంది నవ్వారు. నా పక్కనే నేల మీద కూర్చునే యాకమ్మ, రోజూ నాతో జడ వేయించుకుని బడికి వచ్చే యాకమ్మ, అందరికంటే ముందు నవ్వింది. మగపిల్లల వరసలో సోమయ్య బల్ల మీద దరువు వేశాడు.

నేను లోపలికి వచ్చి సర్వ ఆయన బల్ల మీద పెట్టాను. వెనక్కి తీసుకుపోవాలని అప్పుడు తోచలేదు. అదొక్కటే నేను ఇన్నేళ్ళుగా నన్ను తిట్టుకునే సంగతి. ఆయన మూత ఎత్తి చూశాడు. "బెల్లం ఏసిండ్రా?" అన్నాడు. ఏశాం సార్ అన్నాను. ఆ రాత బోర్డు మీద ఆ రోజంతా ఉంది. మర్నాడు తెలుగు సార్ వచ్చి తుడిచాడు. సర్వ కూడా మర్నాడే తిరిగి వచ్చింది, సోమయ్య చేతికిచ్చి పంపాడు. మా దిక్కున ఏదన్నా పెట్టి పంపిన గిన్నెను ఖాళీగా తిరిగి పంపరు. చిటికెడు చక్కెరో, నాలుగు గింజలో వేసి పంపుతారు. అందులో ఏమీ లేదు.

ఇంటికి వెళ్ళి ఏడిస్తే మా అవ్వ అడిగింది.

"ఏమన్నడే?"

"నన్ను విచ్ అన్నడు."

"అంటె?"

"ఆలస్యంగ వచ్చిన పిల్ల అనే కాడ, పశువుకు పెట్టే మాట పెట్టిండు."

మా అవ్వకు ఎంత చెప్పినా అర్థం కాలేదు. ఎట్లా అవుతుంది? మనం వచ్చిన పిల్ల అంటాం, వచ్చిన బర్రె అంటాం, వచ్చిన బస్సు అంటాం. ఆ 'వచ్చిన' అందరికీ ఒకటే. మన భాషలో ఆ తిట్టు తిట్టాలన్నా కుదరదు. మా అవ్వ చాలాసేపు ఆలోచించి, "పాలిచ్చే బర్రె అంటె తప్పేందే? అది మనకంటె ఏం తక్కువ?" అంది. అప్పుడు ఇంకా ఏడ్చాను. నా మీద పడ్డ మాటను నా ఇంట్లో ఎవరికీ చూపించలేకపోయాను.

మర్నాటి నుంచి నా పేరు విచ్చవ్వ. బడిలో, బాయి కాడ, బతుకమ్మ ఆటలో. విచ్చవ్వా జరుగు, విచ్చవ్వా పువ్వియ్యి. బతుకమ్మ సెలవులకు ఇంటికొచ్చిన దాన్ని మళ్ళీ బడికి పోలేదు. బాపు రెండుసార్లు అడిగి ఊరుకున్నాడు. పెళ్ళిలో తలంబ్రాలు పోసేటప్పుడు కూడా వెనక నుంచి ఎవరో "పొయ్యి విచ్చవ్వా" అన్నారు. మా ఆయన తర్వాత అడిగాడు, అదేం పేరని. మా ఇంటి పిలుపు అని చెప్పాను.

పగ ఎట్లా పట్టాలో నాకు ఎవరూ చెప్పలేదు. నాకు తోచినట్టు పట్టాను. ఆయన చెప్పిన ఆ ఒక్క పాఠం పోకుండా చూసుకున్నాను. ఇంగ్లీషులో ఉత్తరం చదవమంటే చదవలేను. మాట్లాడమంటే మాట్లాడలేను. కానీ హూ ఎక్కడ, విచ్ ఎక్కడ అంటే నన్ను ఎవరూ పడగొట్టలేరు. నా బిడ్డకు పొయ్యి దగ్గరే నేర్పాను. అన్నం మాడిపోయిన గిన్నె, విచ్. గిన్నె మాడబెట్టిన అమ్మ, హూ. కొంగు కాలిన అత్త, హూజ్. తప్పు చెబితే ముద్ద పెట్టేదాన్ని కాదు. ఒక్కటి మాత్రం సార్‌లా చెప్పలేదు. మా ఇంటి బర్రెకు నా బిడ్డ హూ పెట్టినా దిద్దేదాన్ని కాదు. ఇప్పుడది మహబూబాబాద్ దవాఖానలో నర్సు. ఫోన్‌లో నవ్వుతుంది. "అమ్మా, మా డాక్టరమ్మే తప్పు రాస్తది, నేను దిద్దుతున్న."

పెళ్ళయ్యాక మేం జనగామకు వచ్చాం. నేను పెళ్ళిళ్ళకు, దినాలకు వంట చేసేదాన్ని, ఇప్పటికీ చేస్తాను. మా అమ్మాయి నర్సు చదువుకు పోయిన ఏడే మా వాడ చివర కొత్త ఇల్లు లేచింది. గృహప్రవేశానికి వంటకు పిలవడానికి వచ్చిన అబ్బాయి, "మా బాపు రిటైర్డ్ ఇంగ్లీష్ సార్ అక్కా, కొడకండ్ల దిక్కు శానా ఏండ్లు చేసిండు" అన్నాడు. నేను చేతిలో గరిటె కింద పెట్టి, ఆ రోజు నాకు కుదరదని చెప్పాను.

సార్ మారలేదు. అదే తెల్ల చొక్కా, అదే రుమాలు, వరండాలో కుర్చీ. వాడలో పిల్లలకు ఊరికే పాఠం చెప్పేవాడు. "ముంగట ఏమున్నది? మనిషా, వస్తువా?" అన్న మాట మా ఇంటి దాకా వినిపించేది. కూరగాయలు తరుగుతుంటే వేలు కోసుకున్నాను ఒకసారి.

మొదటి ఏడు నేననుకున్నాను, గుర్తుపడతాడు, ఏదో ఒకటి అంటాడు అని. పక్కనుంచి పోతే తల ఎత్తి చూసి మళ్ళీ పేపర్ చదువుకునేవాడు. నా మొహం ఆయనకు తెలియదు. నేను ఇన్నేళ్ళు మోసింది ఆయన అక్కడే, ఆ బల్ల మీదే దులుపుకుని పోయాడు.

అందుకని దసరా పట్టుకున్నాను.

దసరా సాయంత్రం జమ్మి దగ్గర పూజ అయ్యాక ఆ ఆకు తెచ్చి పెద్దవాళ్ళ చేతిలో పెట్టి కాళ్ళకు మొక్కుతాం. బంగారం అంటాం దాన్ని. ఏడాదంతా మాటల్లేనివాళ్ళు కూడా ఆ పూట పెట్టుకుంటారు. పెట్టకపోతే అందరికీ తెలుస్తుంది, అంతకంటే పెద్ద మాట ఉండదు. మా వాడలో అందరికీ పెద్దమనిషి సార్. అందరూ ముందు ఆయన వరండాకే పోతారు. నేను ప్రతి ఏడూ కొంగులో జమ్మి నింపుకుని, ఆయన గేటు ముందు నుంచి మెల్లగా నడిచి, పక్కింటి ముసలవ్వకు పెట్టి మొక్కేదాన్ని. ఆ ముసలవ్వకు చూపు లేదు. "ఎవలు బిడ్డా?" అనేది. నేను పేరు గట్టిగా చెప్పేదాన్ని. సార్‌కు వినిపించేటట్టు.

అట్లా ఎనిమిది దసరాలు. తొమ్మిదో ఏడు ఆయనే పిలిచాడు.

"ఏమమ్మా, అందరికి పెడ్తున్నవ్. నాకు లేదా బంగారం?"

వరండా నిండా జనం. నేను గేటు బయటే ఆగాను.

"వస్తువులు జమ్మి పెట్టయి సార్."

"ఏందమ్మా?"

"కొడకండ్ల బడి. తొమ్మిదో తరగతి. ఆలస్యంగ వచ్చిన పిల్ల. ఖాళీల ఏం రాసిండ్రో యాదికున్నదా?"

రుమాలు తీశాడు. వేళ్ళు తుడుచుకున్నాడు, ఒక్కొక్కటే. ఆగాను. బొటనవేలు కూడా అయ్యింది.

"విచ్ అని రాసిండ్రు. నలభై మంది నవ్విండ్రు."

"నేనా? మనిషికి విచ్ పెట్టిన్నా?" ఆయన మొహం ఎర్రబడింది. సిగ్గు అనుకునేరు, కాదు. "గది తప్పు గదమ్మా! ముప్పై ఏండ్లు చెప్పిన. ఒక్కనాడు తప్పు చెప్పలే. ఇంకెవలన్న చెప్పి ఉంటరు."

చూడండి. ఒక పిల్లను అట్లా అనకూడదని కాదు, పాఠంలో ఆ తప్పు తన చేతి మీదుగా జరగదని!

"ఆ పొద్దు నేను జున్ను తెచ్చిన సార్. గదన్న యాదికున్నదా?"

"జున్నా..." అని కళ్ళు మూసుకున్నాడు. మొహం విచ్చుకుంది. "ఆఁ, జున్ను యాదికున్నది. సత్తు సర్వల. బెల్లం ఎక్కువేసిండ్రు, గని మంచిగుండె."

ఎవరో నవ్వారు. నేను తిరిగి వచ్చేశాను. ఆ రాత్రి మా ఆయన అన్నం కలుపుతూ, "ముసలోడు, ఇడిచిపెట్టరాదే" అన్నాడు. నేను ఆయన ముందు నుంచి కూర గిన్నె తీసేశాను. మళ్ళీ అనలేదు.

ఆ తర్వాతి ఏడు, అంటే మొన్న పోయిన దసరా. పట్టపగలు పన్నెండింటికి, వాడంతా ఇళ్ళలో వంటల్లో ఉండగా, సార్ కర్ర పట్టుకుని మా ఇంటికి వచ్చాడు. ఆయన నా గడప దగ్గరికి రావడం అదే మొదలు. చొక్కా గుండీ మెడ దాకా పెట్టుకున్నాడు. జేబులోంచి రుమాలు తీసి మడతలు విప్పాడు. లోపల జమ్మి రెమ్మ.

"తీస్కో అమ్మా."

పెద్దవాడు చిన్నవాళ్ళ ఇంటికి తెచ్చి పెట్టడం మా దగ్గర ఎక్కడా లేదు. చేయి దానంతట అదే సగం లేచింది. నిజం చెబుతున్నాను. లేచిన చేయి అక్కడే ఆగింది.

"యాదికొచ్చిందా సార్?"

ఆయన నా వైపు చూడలేదు. రెమ్మ వైపు చూస్తూ, "తలుపుల నిలబడ్డవ్. లంగకు పేడ ఉండె" అన్నాడు. అంతే అన్నాడు.

అంటే ఉంది. లోపల ఎక్కడో ఉంది. అప్పుడు వాడ వైపు చూశాను. ఒక్క మనిషి లేడు. జమ్మి పూజ కాలేదు, సాయంత్రం గాని కాదు. పూజ కాని రెమ్మను ఎక్కడో తుంచుకుని, ఎవరూ లేని వేళ చూసుకుని వచ్చాడు. ఇంతకాలం పండుగ చేసినవాడికి ఇది తెలియక కాదు.

"సార్, పూజ కాలేదు. గిది బంగారం కాదు, ఆకు. నన్నన్నది నలభై మంది ముంగట. పొద్దుగూకినంక రాండ్రి, అందరి ముంగట తీసుకుంట. నా పేరుపెట్టి పిలువుండ్రి. తీసుకుంట."

ఆయన రెమ్మను మా అరుగు మీద పెట్టి, రుమాలు మడిచి జేబులో పెట్టుకుని, కర్ర పొడుచుకుంటూ పోయాడు. ఆ రెమ్మను నేను ముట్టలేదు. మధ్యాహ్నం సత్తమ్మ మేక వచ్చి తినిపోయింది.

సాయంత్రం నేను స్నానం చేసి, పట్టుచీర కట్టి, గడపలో నిలబడ్డాను. జమ్మి పంచడం అయిపోయేదాకా నిలబడ్డాను. ఆయన వరండాలో కుర్చీలోనే ఉన్నాడు. అక్కడి నుంచి ఇక్కడికి ముప్పై అడుగులు. ఒకసారి కర్ర మీద చేయి వేశాడు. లేస్తాడనుకున్నాను. పిల్లలు వచ్చి కాళ్ళ మీద పడ్డారు, దీవిస్తూ కూర్చుండిపోయాడు. దీపం పెట్టే వేళకు లోపలికి వెళ్ళాడు. నెల తిరక్కుండానే పోయాడు.

పెద్దకర్మకు వంట చేయమని ఆయన కొడుకు వచ్చి అడిగినప్పుడు నేను వెంటనే ఒప్పుకున్నాను. వాడ ఆశ్చర్యపోయింది. మహబూబాబాద్ నుంచి నా బిడ్డ ఫోన్ చేసింది.

"అమ్మా, పోయినాయన మీద ఇంకేం పగనే? ఇప్పుడన్న ఇడిచిపెట్టు."

"వంటకు పోతున్న బిడ్డా. తగువుకు కాదు."

"నిన్ను నేను ఎరుగనా?" అంది. ఎరుగును.

పదకొండో దినం. కొడకండ్ల నుంచి ఆయన దగ్గర చదివినవాళ్ళు రెండు ఆటోల్లో వచ్చారు. తలలు నెరిశాయి, పొట్టలు వచ్చాయి. బంతిలో కూర్చున్నారు. అన్నం వడ్డించారు. మటన్ బకెట్, గరిటె నా చేతిలో. మా దిక్కున పోయినవారి ఫొటో ముందు విస్తరి వేస్తారు. ఆ విస్తరిలో కూడా కూర పడ్డాకే బంతిలో ఎవరైనా చేయి పెడతారు.

మొదటి విస్తరి యాకమ్మది.

"ఏమే విచ్చవ్వా! నువ్వేనా వంట? బక్కగైనవేందే?" అంది నోరారా. దాని మనసులో ఏమీ లేదు. అదే నా మంట. ఎవరి మనసులోనూ ఏమీ లేదు.

గరిటె ఎత్తి ఆపాను. "నా పేరేందే యాకమ్మా?"

"గదేంది? విచ్చవ్వా అంటె పలుకుతవ్ గద."

"పేరు చెప్పు. కూర పడ్తది."

యాకమ్మ నవ్వింది. అటూ ఇటూ చూసింది. నేను నవ్వకపోయేసరికి దాని నవ్వు తగ్గింది. "కొమురమ్మ" అంది మెల్లగా.

"సోమయ్యకు ఇనవడలే."

"కొమురమ్మా! పొయ్యవే తల్లీ, అందరు చూస్తున్నరు!"

మంచి ముక్కలు చూసి వేశాను. పక్కనున్న సోమయ్య నేను అడగకముందే, "కొమురమ్మ కొమురమ్మ, మూడోసారి గూడ కొమురమ్మ, నాకు జర షోర్వ ఎక్కువ పొయ్యి" అన్నాడు. బంతి గొల్లుమంది. ఒకాయన మాత్రం తల వంచుకుని పక్కవాడిని మోచేత్తో పొడిచి, "అసలు పేరేందిరా?" అని గుసగుసగా అడిగాడు. నాకు వినిపించింది. వాడు తెలుసుకుని చెప్పేదాకా ఆగాను. ఒక్కొక్కరి దగ్గరా ఆగాను. ఆటోల్లో వచ్చిన పదకొండు మందీ చెప్పారు. అన్నం చల్లారుతోంది, ఎవరూ కదలలేదు.

ఇక ఒక్క విస్తరి మిగిలింది.

"అక్కా, బాపుకు పెట్టు" అన్నాడు కొడుకు. "అందరు ఆగిండ్రు."

బకెట్ పట్టుకుని ఫొటో దగ్గరికి పోయాను. దండ వేశారు. ముందు నాలుగు మడతల తెల్ల రుమాలు పెట్టారు. సాసర్‌లో చాయ్ పోసి పెట్టారు. దాని మీద మీగడ కట్టి ఉంది, తీసేవాళ్ళు లేరు. ఆఖరున వడ్డించిన ఆ విస్తరిలో అన్నం మీద ఆవిరి ఇంకా సన్నగా లేస్తోంది. నేను గరిటె నిండా కూర తీశాను.

"నా పేరేంది సార్?"

మెల్లగానే అడిగాను. అయినా బంతి ఆఖరు దాకా వినిపించిందనుకుంటాను. ఎవరి చేయి కూడా విస్తరి మీద లేదు. యాకమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. అందరి ముందు, ఆ పదకొండు మంది ముందు, పిలిచాను, అడిగాను, ఆగాను. అన్నం మీద ఆవిరి తగ్గి, తగ్గి, లేకుండా పోయేదాకా ఆగాను.

"ఒకసారి పెట్టిన సార్ మీకు" అన్నాను.

గరిటె తిరిగి బకెట్‌లో వేసి, బకెట్ తెచ్చి కొడుకు చేతికి ఇచ్చాను.

"నువ్వు పెట్టు తమ్మీ. ఆయనకు నీ పేరు ఎరుకే."